విశాలాంధ్ర, ప్రజాశక్తి: పార్టీ పత్రికల పేర్ల వెనుక కథ

తెలుగు కమ్యూనిస్టుల తొలి బహిరంగ పత్రిక నవశక్తి 1937లో వారపత్రికగా మొదలైంది. పార్టీ మీద 1934 నుంచే నిషేధం ఉండటంతో కార్యకర్తలు కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ నీడన పనిచేస్తున్న రోజులవి. రైతు సంఘాలు, వ్యవసాయ కూలీ సంఘాలు ఊరూరా పుడుతున్నాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే దారం కావలసి వచ్చింది, ఆ పని పత్రిక చేసింది. 1939లో రెండో ప్రపంచ యుద్ధం రాగానే ప్రభుత్వం పట్టు బిగించింది. బహిరంగ పత్రికకు చోటు లేకపోయింది. రాత్రిపూట సైక్లోస్టైల్ చేసిన కాగితాలు చేతులు మారుతూ ఊళ్లు తిరిగాయి.

1942 జూలైలో నిషేధం ఎత్తేశాక విజయవాడ నుంచి ప్రజాశక్తి వారపత్రిక వెలువడింది, ఆ దశకం నడుమ దినపత్రిక అయింది. బొంబాయిలో పార్టీ కేంద్రం ఇంగ్లీషులో పీపుల్స్ వార్ నడుపుతుంటే, మలయాళంలో దేశాభిమాని, తెలుగులో ప్రజాశక్తి అదే కాలంలో పుట్టాయి. పుట్టుకతోనే తెలుగు పత్రికకు పెద్ద చిక్కు ఎదురైంది. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం లేచింది. సోవియట్ మీద హిట్లర్ దాడి చేశాక ఆ యుద్ధం ప్రజాయుద్ధమైందన్నది పార్టీ వైఖరి, కాబట్టి పార్టీ ఉద్యమానికి దూరంగా ఉండిపోయింది. ఊరి జనం ఒకవైపు ఉండగా పత్రిక మరోవైపు వాదించాల్సి వచ్చింది. పార్టీ పత్రికకున్న బలమూ బలహీనతా అక్కడే బయటపడ్డాయి. పాఠకుడు ఏమనుకుంటాడో చూసుకుని అది మాట మార్చలేదు. పార్టీ మాట మారినప్పుడే దాని మాటా మారుతుంది.

డబ్బు మాటకొస్తే, నెల్లూరు జిల్లా అలగానిపాడు భూస్వామి కుటుంబంలో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తన వాటా ఆస్తి పార్టీకే ఇచ్చేశాడు. మిగతాదంతా చందాలు, విరాళాలు. పెద్ద వ్యాపారుల ప్రకటనలు అటువైపు చూసేవి కావు. చందా కట్టించేదీ, కట్ట మోసేదీ, వార్త రాసి పంపేదీ, సాయంత్రం రచ్చబండ దగ్గర పదిమందికి చదివి వినిపించేదీ చాలా ఊళ్లలో ఒకే మనిషి, పార్టీ కార్యకర్త. చదువు రాని కూలీ కూడా ఆ పత్రికకు పాఠకుడే. చందాల లెక్కలో అతను కనబడడు, అంతే.

అచ్చు సంగతీ చెప్పుకోవాలి. తెలుగుకు గుణింతాలు, వత్తులు ఉండటం వల్ల కంపోజిటరు ముందున్న కేసులో గళ్ల లెక్క ఇంగ్లీషు కేసు కంటే ఎన్నో రెట్లు. సీసపు అక్షరాన్ని వేళ్లతో తీసి స్టిక్‌లో పేర్చి, అద్దంలో బింబంలా తిరగబడి ఉన్న వరసను చదువుకుంటూ పోవాలి. గ్యాలీ ప్రూఫు తీసి దిద్ది, పేజీ కట్టి, ఫారం బిగించేసరికి తెల్లవారుజాము రైలు వేళ అవుతుంది. పోలీసులు వచ్చి కేసులు తిరగేసి నేల మీద కుమ్మరిస్తే ఒక్కో అక్షరాన్ని ఏరి మళ్లీ గళ్లలో వేయడానికి రోజులు పడతాయి. అందుకే ప్రభుత్వం పత్రికను ఆపాలనుకున్నప్పుడు మొదట ప్రెస్సు మీదకే వెళ్లేది. 1947 జనవరిలో, మద్రాసులో ప్రకాశం మంత్రివర్గం కాలపు ఆర్డినెన్సు వేళ దేశవ్యాప్తంగా పార్టీ పత్రికల కార్యాలయాలపై దాడులు జరిగాయి. 1948 నాటికి ప్రజాశక్తి నిలిచిపోయింది. తెలంగాణలో సాయుధ పోరాటం, ఇటు కృష్ణా జిల్లాలో అరెస్టులు. అప్పుడు పార్టీకి పత్రికా లేదు, బహిరంగ జీవితమూ లేదు.

1951 అక్టోబరులో పోరాట విరమణ, ఆ వెంటనే తొలి సాధారణ ఎన్నికలు. మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర ప్రాంతపు 140 స్థానాల్లో కమ్యూనిస్టులు 41 గెలిస్తే కాంగ్రెసుకు 40 దక్కాయి. నాయకుల్లో చాలామంది అజ్ఞాతంలోనో జైల్లోనో ఉండగా వచ్చిన ఫలితమది. ఆ ఊపు మీదే 1952 జూన్ 22న విజయవాడలో విశాలాంధ్ర దినపత్రిక వెలువడింది. తొలి సంపాదకుడు మద్దుకూరి చంద్రశేఖరరావు, అందరి నోటా చంద్రం. ఈనాటికీ పత్రిక కార్యాలయం చంద్రం బిల్డింగ్స్ అన్న పేరుతోనే ఉంది.

పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే పత్రిక పుట్టుక సగం తెలిసినట్టే. 1946లో సుందరయ్య విశాలాంధ్రలో ప్రజారాజ్యం అన్న చిన్న పుస్తకం రాశాడు. నిజాం పాలనలోని తెలంగాణ, మద్రాసు కింద ఉన్న సర్కారు జిల్లాలు, రాయలసీమ ఒకే రాష్ట్రం కావాలన్నది అందులోని మాట. దాన్నే ఆరేళ్ల తరవాత పత్రిక శిరోనామం చేసుకున్నారు. అంటే రోజూ పొద్దున్నే పాఠకుడి చేతికి ముందుగా అందేది వార్త కాదు, డిమాండు. అప్పటికి పెద్ద తెలుగు దినపత్రికలైన ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ మద్రాసులోనే అచ్చవుతున్నాయి. ఆంధ్రప్రభ 1959లోగాని విజయవాడకు రాలేదు.

1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో అసలైన పోరు పత్రికల నడుమే సాగిందంటే అతిశయోక్తి కాదు. మద్రాసు నుంచి ఆంధ్రప్రభ సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు కమ్యూనిస్టుల మీద పదునైన సంపాదకీయాలు రాస్తే, విజయవాడ నుంచి విశాలాంధ్ర రోజూ బదులిచ్చింది. 196 స్థానాల్లో పార్టీకి 15 దక్కాయి. ఓట్లు మాత్రం దాదాపు మూడో వంతు. పత్రిక తన పాఠకులను నిలుపుకుంది, కొత్తవాళ్లను గెలవలేకపోయింది. పార్టీ పత్రికలకు ఇదొక పాత జబ్బు.

కొల్లేటి సీమకు ఈ పత్రికలు చేరిన దారి కూడా చరిత్రలో భాగమే. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా భీమవరం వెళ్లే రైలు దారిలో మండవల్లి, కైకలూరు, ఆకివీడు స్టేషన్లు వస్తాయి. పేపరు కట్ట స్టేషనులో దిగితే అక్కడి నుంచి కలిదిండి వంటి ఊళ్లకు సైకిలు లేదా బస్సు. వానాకాలంలో కొల్లేరు పొంగి లంక గ్రామాల దారులు మునిగితే తాటి దోనె. ఆ పూట పేపరు మధ్యాహ్నానికి వచ్చినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. సాగునీరు, కౌలు, చెరువు పాట, చేపల సొసైటీ గొడవ వంటివి మద్రాసు పత్రికలకు వార్తలే కావు. పార్టీ పత్రికకు అవే ముఖ్యం. 1970ల నడుమ కొల్లేటిలో మత్స్యకార సహకార సంఘాల పేరిట చేపల చెరువులు తవ్వించడం మొదలయ్యాక, 1999లో అభయారణ్యం ప్రకటించాక, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు తెంచేశాక కూడా, ఈ పత్రికల్లో కొల్లేరంటే పక్షుల కంటే ముందు కూలీలూ వడ్డి కులం జాలరులే.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పత్రిక పేరు నిజమైంది, కానీ ఆ పేరు పెట్టిన పార్టీ 1964లో రెండైంది. కేరళలో దేశాభిమాని సీపీఐ(ఎం) వైపు నిలిస్తే, ఇక్కడ విశాలాంధ్ర సీపీఐ చేతిలో ఉండిపోయింది. అవతలి పక్షం జనశక్తి అన్న వారపత్రికతో సరిపెట్టుకుంది. నాలుగేళ్లకు అదీ చేజారింది. 1968లో తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి పార్టీని వీడినప్పుడు, దేవులపల్లి సంపాదకత్వంలోని జనశక్తి ఆ వర్గం వెంటే వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు 1969లో పాత పేరే తవ్వి తీశారు. ప్రజాశక్తి మళ్లీ వారపత్రికగా వచ్చింది, 1981 ఆగస్టు 1న మోటూరు హనుమంతరావు సంపాదకుడిగా దినపత్రిక అయింది. ప్రతి చీలికలోనూ ఆస్తి పంపకం లాంటి ఒక గొడవ ఉంటుంది. ఇందులో మిషన్ల కంటే, భవనాల కంటే పేరే విలువైన వాటా.

ఇలా ఒక్కో పార్టీ ఒక్కో దినపత్రిక పట్టుకుని నడవడం తెలుగువాళ్ల ప్రత్యేకత కాదు. బేరూత్‌లోని ఆర్మేనియన్లకు 1937 నాటికే దష్నాక్ పార్టీ పత్రిక అజ్దక్, హంచక్ పార్టీ పత్రిక అరరత్, రామ్‌గవర్ పార్టీ పత్రిక జార్తొంక్ ఉన్నాయి. దేశం చేజారిన ప్రజకు పార్టీ, పత్రిక, బడి ఒకే తాడుకు కట్టి ఉండేవి. పైగా ఆర్మేనియన్ భాషలో ప్రపంచంలోనే తొలి పత్రిక అజ్దరార్ 1794లో అచ్చయింది మద్రాసులో, శ్మవోనియన్ అనే మతగురువు ప్రెస్సులో.  

1974 ఆగస్టు 10న విశాఖలో ఈనాడు దినపత్రిక మొదలయ్యాక తెలుగు పత్రికల ఆట తీరే మారింది. ఊరి వార్తకు చోటు, తెల్లవారేసరికి గుమ్మంలో పేపరు, తరవాత 1989లో జిల్లా పేజీలు. ఒకప్పుడు కలిదిండి కాలువ గండి గురించి రాసింది పార్టీ పత్రికలే అయితే, ఇప్పుడు అది అందరి పనీ అయింది. పార్టీ పత్రికలు కూడా జిల్లా పేజీలు, పలు ఎడిషన్లు పెట్టుకున్నాయి. విశాలాంధ్రకు 1972 నుంచి ముప్ఫై ఏళ్లకు పైగా సంపాదకుడిగా ఉన్న సి. రాఘవాచారి కాలంలో సంపాదకీయాల పరువు పార్టీ గీత దాటి ఉండేదని వేరే పార్టీవాళ్లు సైతం ఒప్పుకుంటారు. ప్రజాశక్తి, విశాలాంధ్ర ఈ రెండూ పుస్తక ప్రచురణకూ పూనుకున్నాయి. పేపరు చూడని ఇళ్లలోకి కూడా ఆ పుస్తకాలు చేరాయి.

2014లో రాష్ట్రం రెండైంది. విశాలాంధ్ర పేరు మోసిన సీపీఐ ప్రత్యేక తెలంగాణకు మద్దతిస్తే, ఆ పేరు లేని సీపీఐ(ఎం) భాషా రాష్ట్రాల సూత్రం మీద విభజనను వ్యతిరేకించింది. విభజన తరవాత 2015లో సీపీఐ(ఎం) తెలంగాణలో నవ తెలంగాణ తెచ్చింది, సీపీఐ వైపు నుంచి తరవాత ప్రజాపక్షం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పాత పేర్లు అలాగే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో కలిదిండి కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. రాష్ట్రం చీలినా, జిల్లా మారినా, ఆ ఊళ్లో దిగే కట్టలో పేపరు మీద అచ్చయ్యే పేరు మాత్రం విశాలాంధ్రే.