బోల్కా శిలామత్స్యములు

వెరోనా నగరమునకు ఈశాన్యమున, లెసీనీ పర్వతసానువులలో, బోల్కా యను చిన్న గ్రామముచెంత నున్న పెషారా గనియందు సుమారు 5 కోట్ల సంవత్సరములనాటి చేపలును, వృక్షముల పత్రములును రాతిపలకలపై చిత్తరువులవలె నిలిచియున్నవి. టెథిస్ సముద్రపుటంచున నున్న ఆ ఉష్ణజలములయడుగున ప్రాణవాయువు కొఱవడుటచే, చచ్చి దిగిన చేపను చీల్చి తిను జీవులు లేకపోయెను. మెత్తని సున్నపు బురద పొరపొరగా దానిని కప్పెను. కనుకనే వాజములలోని ముండ్లేగాక, కొన్నింట మేనిచారలు సైతము నేటికిని కానవచ్చును. సొరంగములలో త్రవ్వి తీసిన పలకను గనివారు సుత్తితో పొరవెంట చీల్చగా, చేప రెండు సగములై విడివడును. ఒక సగము ఒక దేశపు ప్రదర్శనశాలను, రెండవది మఱియొకచోటును చేరిన సందర్భములును లేకపోలేదు.

1555లో మాటియోలి యను వైద్యుడు డయాస్కొరిడీస్ యను ప్రాచీన వైద్యుని గ్రంథమునకు వ్రాసిన వ్యాఖ్యానమున వీనిని పేర్కొనెను. అనంతరము వెరోనా ప్రభువులు తమ సౌధముల నలంకరించుకొనుటకు ఒకరితో నొకరు పోటీపడి వీనిని కొనిరి. ఇవి బైబిలులోని జలప్రళయమునకు సాక్ష్యములని కొందఱు వాదించిరి. బేరము పెరిగినకొలది విఱిగిన ముక్కలను అతికి, లోపించిన తోకను రంగుతో పూరించు చాతుర్యమును పెరిగెను. దీనిని కళ యనవచ్చునేమోగాని శాస్త్రమునకు మాత్రము తలనొప్పియే. అయినను ప్రభువుల ఈ డంబమే లేకున్న ఆ పలకలలో నెన్ని సున్నపుబట్టీల పాలయ్యెడివో!

ఇట్లు పలకలను కూడబెట్టిన వెరోనా ప్రభువులలో అగ్రగణ్యుడు గజోలా. ఆయన సంపాదించిన పలకలను ఆధారముగా గొని వోల్టా యను మతాచార్యుడు 1796లో ప్రకటింప నారంభించిన సచిత్రగ్రంథమున, ఆ చేపలలో పెక్కింటిని నేడు దూరసముద్రములలో బ్రదుకుచున్న జాతులుగానే గుర్తించెను. మఱుసటి యేడే నెపోలియన్ సేనలు ఆ సంగ్రహమును పారిస్ నగరమునకు తరలించుకొనిపోయినవి. దోపిడి దోపిడియే, కాని అచ్చటనే అగాసీ యను శాస్త్రజ్ఞుడు వానిని పరిశీలించి, అవి నేడు బ్రదికియున్న జాతులు కావనియు, లుప్తమైన వేఱు జాతులనియు నిరూపించెను. గజోలా మాత్రము నిస్పృహ చెందక మరల కూడబెట్టెను. ఆ రెండవ సంగ్రహము నేడు వెరోనా ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో నున్నది.

ఇటలీ శాసనము ఇట్టి నిధులను ప్రభుత్వ సంపదగా పరిగణించుటచే బోల్కా పలకలకు క్రొత్తగా అంగడి లేదు. శిలామత్స్యమును గోడకు తగిలించుకొన గోరువారు అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రమున కెమ్మెరర్ చెంతనున్న గనులవైపు చూచుచున్నారు; అచ్చట ప్రైవేటు భూమిలో దొరకిన చేప భూస్వామికే చెందును.