జూబ్లీహిల్స్‌కు సొంత మున్సిపాలిటీ ఉన్న రోజులు

జూబ్లీహిల్స్‌కు ఒకప్పుడు సొంత మున్సిపాలిటీ ఉండేదంటే, ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నవాళ్లు కూడా వెంటనే నమ్మరు. 1937లో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ తదితర ప్రాంతాలను కలిపి జూబ్లీహిల్స్ మున్సిపాలిటీ ఏర్పాటు చేశారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనకు రజతోత్సవాలు జరిగిన ఏడాది కూడా అదే.

అప్పటికి ఇక్కడ ఎటు చూసినా బండలే. హైదరాబాద్ మున్సిపల్ కమిషనర్‌గా పనిచేసిన నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకుంటూ బండను పగలగొట్టించలేదు. దాన్ని కలుపుకునే గదులు లేపారు, రాయి ఇంట్లోకే వచ్చింది. ఆయనే తర్వాత గుజరాత్ తొలి గవర్నర్ అయ్యారు. ఇలా చిన్న చోటుకు సొంత మున్సిపాలిటీ అంటే నాకు నార్వే గుర్తొస్తుంది. అక్కడ 1837 చట్టంతో పల్లెలకూ స్వపరిపాలన వచ్చింది. ఇప్పుడు అక్కడ చిన్న చిన్న మున్సిపాలిటీలకు కూడా చేపో, పడవో, చెట్టో వేసిన సొంత చిహ్నాలున్నాయి. మన కొండలకు అలాంటి చిహ్నం ఒకటి ఎంచమంటే, నేను ఆ ఇంట్లోని బండనే చూపిస్తాను. దాన్ని మించి ఈ నేలను చెప్పేది లేదు.

ఆ మున్సిపాలిటీ పద్దెనిమిదేళ్లు నడిచింది. 1955లో హైదరాబాద్‌లో కలిపేశారు. 1960లో హైదరాబాద్, సికింద్రాబాద్ ఒకే కార్పొరేషన్ అయ్యాయి. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కూడా చేరి జీహెచ్‌ఎంసీ వచ్చింది.

సొంత పాలన పోయాకే ఇక్కడికి జనం వచ్చారు. ఐఏఎస్ అధికారి చల్లగళ్ల నరసింహం చొరవతో హౌసింగ్ సొసైటీ ప్లాట్లు వేసింది. 1976 జనవరిలో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైంది. తర్వాత కృష్ణ పద్మాలయా, రామానాయుడు స్టూడియో, ఫిల్మ్‌నగర్, ఫిల్మ్ ఛాంబర్ వచ్చాయి. మద్రాసు నుంచి పరిశ్రమ ఈ రాళ్ల మీదికి మారింది. ఫిల్మ్‌నగర్ వాలులో బండల సందుల్లో బస్తీలూ వెలిశాయి. ఆ బస్తీల నీళ్లు, మురుగు కాలువల సంగతి తేల్చాల్సింది ఇప్పుడు మహానగర యంత్రాంగమే. గుట్ట ఎక్కి చూసే ఆఫీసు ఒకటి మళ్లీ దగ్గర్లో ఉంటే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

పేరు మాత్రం మనల్ని దాటి వెళ్లింది. 2009 నుంచి జూబ్లీహిల్స్ పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం ఉంది. అందులో ఓటేసేది యూసుఫ్‌గూడ, బోరబండ, ఎర్రగడ్డ లాంటి చోట్ల జనం. జూబ్లీహిల్స్ డివిజన్ ఓట్లు ఖైరతాబాద్ నియోజకవర్గంలో పడతాయి.