సందర్భ మెఱుగ నేర్చిన యంత్రములు



శాస్త్రములు చదువుకొన్నవారెల్లరు తొలిదినములలోనే వినెడి యుదాహరణ మొకటి కలదు. సైంధవమను పదమునకు ఉప్పనియు, గుఱ్ఱమనియు రెండర్థములు. యజమానుడు విస్తరిముందు కూర్చుండి సైంధవము తెమ్మన్నచో సేవకుడు ఉప్పు తేవలెను. ప్రయాణమునకు సిద్ధమై వాకిట నిలిచి యదే మాట యన్నచో గుఱ్ఱమును తేవలెను. మాట యొక్కటియే, అర్థమును తేల్చునది ప్రకరణము. దానినే మనము సందర్భమనుచున్నాము. ఈ సేవకునికి గల నేర్పును యంత్రమునకు గూడ కలిగింపవలెనని కొందఱు పాశ్చాత్య శాస్త్రజ్ఞులు గడచిన శతాబ్దపు చివరి దశకమున పూనుకొనిరి. వారు సందర్భమనగా నేమని తలచిరో, ఆ తలపు క్రమముగా నెట్లు మారెనో, ఈ సాయంకాలము మీకు మనవి చేసెదను.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమున ఒలివెట్టి సంస్థవారి పరిశోధనాలయ ముండెడిది. అచ్చట రాయ్ వాంట్, ఆండీ హాపర్ మొదలగువారు 'యాక్టివ్ బ్యాడ్జి' యను పరికరమును నిర్మించి, 1992లో దానినిగూర్చి వ్యాసము ప్రకటించిరి. అది దుస్తులకు తగిలించుకొను చిన్న బిళ్ల. బరువు 40 గ్రాములు. 15 సెకండ్ల కొకమాఱు అది కంటికి కానరాని కిరణములతో తన గుర్తును వెలువరించును. గదులలో నమర్చిన పరికరములు ఆ గుర్తును పట్టి, ఏ యుద్యోగి యే గదిలో నున్నాడో కంప్యూటరునకు తెలుపును. టెలిఫోను చూచుకొను ఉద్యోగిని తెరపై నా పట్టికను చూచి, వచ్చిన పిలుపును ఆ గదికే పంపును. మనుష్యులకై మేడయంతయు వెదకు శ్రమ తప్పినది.

అయినను వాడుకలో నొక చిక్కు బయల్పడెను. పైయధికారితో ముఖ్యవిషయము ముచ్చటించుచున్నవాని ప్రక్కన టెలిఫోను మ్రోగిన నతనికి సంతోషమగునా? పిలుపులు తమకెప్పుడు రావలెనో, ఎప్పుడు రాకూడదో తామే నిర్ణయించుకొన గోరుచున్నామని ఆ బిళ్లలు ధరించినవారు తెలిపిరి. యంత్రము గదిని సరిగనే చెప్పినది. గదిలో జరుగుచున్న పని యెట్టిదో దానికి తెలియదు. తరువాతి చరిత్రకంతకును బీజ మిచ్చటనే కలదని నా యభిప్రాయము.

రాయ్ వాంట్ పిమ్మట అమెరికాకు పోయి, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నగరమున జెరాక్స్ సంస్థవారి పరిశోధనకేంద్రమున చేరెను. అచ్చట మార్క్ వైజర్ అను పండితుడు, కంప్యూటరు మన యెదుట నిలిచి దృష్టి నాకర్షించుట మాని, వ్రాతవలె మన పరిసరములలో కలసిపోవలెనని 1991లో వ్రాసియుండెను. ఆ కేంద్రముననే బిల్ షిలిట్, నార్మన్ ఆడమ్స్, రాయ్ వాంట్ కలసి 1994లో సందర్భమును మూడు ప్రశ్నలుగా విభజించిరి: నీ వెచ్చట నున్నావు? నీతో నెవరున్నారు? దగ్గర నే వస్తువులున్నవి? 'కాంటెక్స్ట్ అవేర్' అను పేరు, అనగా సందర్భ మెఱిగినదియని, ఆ యేడాదియే వాడుకకు వచ్చెను. వెలుతురు, సద్దు, తుదకు ప్రక్కనున్నవాడు అధికారియా, తోటి యుద్యోగియా యనునది కూడ సందర్భములోనిదే యని వారు గుర్తింపకపోలేదు. అయినను యంత్రము పట్టగలిగినది స్థలము. పట్టగలిగినదానిపైననే పని సాగును గదా!

అనింద్ డే, గ్రెగొరీ అబౌడ్ అనువారు 1999లో జార్జియా టెక్ విద్యాలయమునుండి ఈ పట్టికల నాక్షేపించిరి. ఉదాహరణములను వరుసగా చెప్పినంతమాత్రమున లక్షణము చెప్పినట్లు కాదని వారి వాదము. మన తార్కికులైనచో దానిని అవ్యాప్తిదోషమందురు. మనిషికిని యంత్రమునకును నడచు వ్యవహారమునకు సంబంధించి, ఒక వ్యక్తియొక్కగాని, స్థలముయొక్కగాని, వస్తువుయొక్కగాని స్థితిని తెలుపు సమాచారమంతయు సందర్భమేయని వారు నిర్వచించిరి. లక్షణము విశాలమైనది. కాని ఏది సంబంధించినదో, ఏది కాదో తేల్చువా డెవడు?

ఈ ప్రశ్నకు పునాది అంతకు ముందే పడియున్నది. ఆ జెరాక్స్ కేంద్రముననే లూసీ సచ్‌మన్ అను విదుషీమణి, ప్రతులు తీయు యంత్రముతో మనుష్యులు పడు పాట్లను పరిశీలించి 1987లో గ్రంథము ప్రకటించెను. వాడువారు ఒకరితో నొకరు మాటలాడుకొనుచు, సందేహించుచు, ఊహించుచు నుండిరి. యంత్రమునకు చేరినవి మాత్రము నొక్కిన మీటలు, తెఱచిన మూతలు మొదలగు కొన్ని గుర్తులే. 2004లో పాల్ డూరిష్ అను ఆచార్యుడు ఈ విషయమును మఱింత ముందునకు గొనిపోయెను. సందర్భము పనికి వెలుపల ముందుగనే సిద్ధమైయుండు సమాచారము కాదనియు, పని జరుగుచుండగా అందులోనుండియే పుట్టుననియు అతడు వాదించెను.

ఇది మనకు క్రొత్త కాదు. భర్తృహరి వాక్యపదీయమున అర్థనిర్ణయమునకు తోడ్పడువానిని లెక్కించుచు దేశకాలములను చెప్పెను. కాని సాహచర్యము, విరోధము, ప్రయోజనము, ఔచిత్యము మొదలగువాని నడుమ వానినొక భాగముగా నుంచెను. మన యూరి చావడిని తలచుకొనుడు. ఉదయమున పిల్లల బడి, సాయంకాలమున పెద్దల తగవుతీర్పు, రాత్రి పురాణకాలక్షేపము. స్థలము మారలేదు. కూడినవారి పనియే దానిని బడిగాను, ధర్మాసనముగాను, సభగాను చేయుచున్నది.

అట్లయినచో యంత్రనిర్మాత యేమి చేయవలెను? విక్టోరియా బెలొట్టి, కీత్ ఎడ్వర్డ్స్ అనువారు 2001లో సమాధానము చెప్పిరి. యంత్రము తనకేమి తెలియునో, అది యెట్లు తెలిసెనో, దానినిబట్టి యేమి చేయుచున్నదో మనిషికి తెలుపవలెను. తుది నిర్ణయము మనిషికి విడువవలెను. దీనికి చక్కని నిదర్శనము మన చేతిలోని ఫోనే. ఆపిల్ సంస్థవారు 2017లో తమ ఐఫోనులకు, బండి నడుపునపుడు సందేశములు వచ్చి దృష్టి చెదరకుండునట్లు ఒక యేర్పాటు చేసిరి. బండిలో సాగిపోవుచున్నట్లు ఫోను కదలికనుబట్టి గ్రహించును. కాని కదలిక యెవడు చక్రము పట్టెనో, ఎవడు వెనుక కూర్చుండెనో చెప్పజాలదు. కనుక 'నేను నడుపుట లేదు' అని తెలుపుటకు తెరపై నొక మీట నుంచిరి. రోగిని వైద్యశాలకు గొనిపోవుచు వెనుక కూర్చున్నవానికి రావలసిన వార్త ఆగిపోవుట స్వల్పవిషయము కాదు. ఆ మీట యంత్రమునకు లోపము కాదు. దాని యెఱుక యెచ్చట ముగియునో నిర్మాతలు గ్రహించిరనుటకు గుర్తు.

నేడు మనము పోవు చోటులు, కలియు మనుష్యులు, నిద్రించు వేళలు యంత్రముల లెక్కలోనికి ఎక్కుచున్నవి. ఆ లెక్కలనుబట్టి మన యవసరములను మన కంటె ముందుగా తాము నిశ్చయించెదమని అవి సిద్ధపడుచున్నవి. ఈ విద్య నభ్యసించుచున్న మన యువకులును యువతులును ఎన్ని కొలతలు దొరకునో చూచుటకు ముందు, ఆ మనిషి యప్పుడే పనిలో నున్నాడో విచారింతురు గాక. తెలియనిచోట అడుగునట్టియు, వలదన్నచో ఆగునట్టియు యంత్రములను నిర్మింతురు గాక.