ఎన్వలప్

ఉత్తరం పెట్టే కవరుకూ సింథసైజర్‌లోని ఎన్వలప్‌కూ మూలం ఒకటే: ‘చుట్టడం’ అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ. తరంగం శిఖరాలను తాకుతూ పైపైన సాగే గీతకు ఆ పేరు పెట్టారు. 1965లో స్వరకర్త వ్లదిమిర్ ఉసచెవ్‌స్కీ కోరికపై సింథసైజర్ రూపకర్త రాబర్ట్ మూగ్ తయారుచేసిన పరికరంలో దానికి నాలుగు అంచెలు కుదిరాయి. అటాక్ (పైకి లేవడం), డికే (కాస్త దిగడం), సస్టెయిన్ (నిలబడే స్థాయి), రిలీజ్ (కీ వదిలాక అణగడం) అని ఇప్పుడు మనం పిలిచేవి అవే.

ఈ గీత శబ్ద తీవ్రతను కాక ఫిల్టర్ కటాఫ్‌ను, అంటే ఫిల్టర్ కోత మొదలయ్యే పౌనఃపున్యాన్ని, నడిపితే మారేది నాదం వన్నె. పై పౌనఃపున్యాలను కోసేసే లోపాస్ ఫిల్టర్ కటాఫ్ బాగా దించి, ఎన్వలప్ మోతాదు పెంచండి. అటాక్, సస్టెయిన్ సున్నాలో ఉంచి, డికే తగ్గించండి. కీ నొక్కగానే తీగ మీటినట్టు ‘టంగ్’మంటుంది. అటాక్, సస్టెయిన్ పెంచితే అదే స్వరం ట్రంపెట్‌లా మెల్లగా విచ్చుకుంటుంది. ఏ నాదానికైనా ప్రాణం అది పుట్టే తీరులో, అణగే తీరులో ఉంది.