కోడూరైటు, స్పాండైటు: రెండు నామముల చరిత్ర

పోలవరమునకు ఎగువ గోదావరి ఒరసికొని పాఱు పాపికొండలలో, ఎఱ్ఱని గార్నెట్టు గింజలు పొదిగిన శిల విస్తారముగా కలదు. ఈ జాతి శిలను విలియం కింగ్ 1880 ప్రాంతమున 'బెజవాడ నైసు' అని వ్యవహరించెను. 1902లో టి. ఎల్. వాకర్ కలహండి సంస్థానపు భూవిజ్ఞానమును వివరించుచు, ఖోందుల పేర దానిని 'ఖోండలైటు' అనెను. ఆ పేరే నిలిచినది, బెజవాడ మరుగుపడినది.

ఇవే తూర్పు కనుమలు ఈశాన్యముగా సాగి నేటి విజయనగరం జిల్లా చేరినచోట ఒక తెలుగు ఊరికి మేలైన భాగ్యము పట్టినది. గరివిడి ప్రాంతమునందలి కోడూరు మాంగనీసు గనులలో ఎల్. ఎల్. ఫెర్మర్ ఒక వింత శిలను గుర్తించెను. పొటాషు ఫెల్‌స్పారు, అపటైటు, మాంగనీసు గల గార్నెట్టు అందలి ముఖ్య ఖనిజములు. 1909 నాటి తన బృహద్గ్రంథమున అతడు దీనిని 'కోడూరైటు' అను పేర విపులముగా వర్ణించెను. (ప్రసిద్ధ యాత్రా రచయిత పాట్రిక్ లీ ఫెర్మర్ ఇతని కుమారుడే.)

అందలి గార్నెట్టునకు మాత్రము ఊరి పేరు దక్కలేదు. అది స్పెస్సార్టైటునకును ఆండ్రడైటునకును నడిమిది. కావున రెండు పేళ్ల మొదళ్లను అతికి ఫెర్మర్ 'స్పాండైటు' అనెను. స్పెస్సార్టు జర్మనీలోని కొండసీమ. ఆండ్రడ బ్రెజిలు దేశపు విద్వాంసుడు. గోమేధికమును గార్నెట్టు భేదముగా ఎఱిగిన మనకు, మన నేలలోని మఱియొక భేదము ఇట్టి అతుకుపేరుతో పరిచయమగుట కొంత విచిత్రమే. నేటి ఖనిజ పట్టికలలో స్పాండైటు ప్రత్యేక జాతి కాదు. మిశ్రమ గార్నెట్టును తెలుపు మాటగా మిగిలినది.

కోడూరైటు అగ్నిశిల యని ఫెర్మర్ మతము. తరువాతి పరిశోధకులు పలువురు దానిని మాంగనీసు అవక్షేపములు రూపాంతరము చెంది, ఫెల్‌స్పారుమయమైన ద్రవముతో కలియగా ఏర్పడిన సంకరముగా భావించిరి. మతము సడలినను పేరు చెడలేదు. ఊరిని చెప్పు పేరు ఉత్పత్తిని గూర్చి ఏమియు చెప్పదు గదా!

ఇక లిపి మాట. 'కోడూరు' ఆంగ్లమున తుది ఉకారమును వదలుకొన్నది; ఓకార ఊకారముల దీర్ఘములు రోమను అక్షరములలో కానరావు. దానినే చూచి తెలుగున వ్రాయువాడు 'కొడురైట్' అనుట సులభము. అప్పుడు 'ఊరు' అను మాటయే మాయమగును. శాస్త్రనామపు రోమను రూపమును మార్చు హక్కు మనకు లేకున్నను, తెలుగు లిపిలో దీర్ఘములను నిలుపుట మన పనియే. కావుననే ఈ వ్యాసమున 'కోడూరైటు' అని వ్రాసితిని.