'మేడమ్ ఎక్స్': వివరపు పలకకు టీక

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జాన్ సింగర్ సార్జెంట్ గీసిన నిలువెత్తు స్త్రీ చిత్రం ఒకటుంది. దాని వివరాలు రెండు ముక్కల్లో అయిపోతాయి. ఆ ముక్కలకే టీక కావాలి.

మేడమ్ ఎక్స్: 1884 పారిస్ సలాన్ చిత్ర ప్రదర్శనలో పేరుండాల్సిన చోట మూడు నక్షత్రపు గుర్తులే పెట్టారు. దాచి ఏం లాభం? పారిస్ అంతా ఎరిగిన అందగత్తె ఆమె. 'ఎక్స్' ఆ తర్వాతి మాట. చిత్రాన్ని అమ్మేటప్పుడు ఆమె పేరు పెట్టొద్దని సార్జెంటే మ్యూజియాన్ని కోరాడు.

మేడమ్ గోట్రో: ఇది అత్తింటి పేరు. పుట్టింటి పేరు వర్జినీ అమేలీ అవెన్యో. 1859లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో పుట్టింది. బొమ్మ గీయమని ఆమె అడగలేదు. సార్జెంటే వెంటపడి ఒప్పించాడు.

1883–84: ఈ తేదీని పూర్తిగా నమ్మలేం. సలాన్‌లో వేలాడినప్పుడు నల్ల గౌను కుడి పట్టీ భుజం మీంచి జారి ఉంది. జనం గోల పెట్టారు. గోట్రో తల్లి వచ్చి చిత్రం తీసేయమని బతిమాలినా సార్జెంట్ కదల్లేదు. ప్రదర్శన ముగిశాక మాత్రం పట్టీని భుజం మీదికెక్కిస్తూ మళ్లీ గీశాడు. అంటే పారిస్ తిట్టిన బొమ్మను మనం చూడటం లేదు. నన్నడిగితే పట్టీ కన్నా చెవి పెద్ద నేరం. మెడ, చేతులు, చెంప అన్నీ పౌడరు పూతతో పాలిపోయి, లేత ఊదా ఛాయలో ఉంటాయి. చెవి ఒక్కటే ఎర్రగా, పూత అంటని అసలు రంగులో ఉంటుంది. మిగతాదంతా అలంకరణేనని ఆ కాస్త ఎరుపు బయటపెట్టేస్తుంది. పట్టీని సరిదిద్దినవాడు చెవి జోలికి పోలేదు.

తైలవర్ణం, కాన్వాసు: ఇందులో విశేషం లేదు.

208.6 × 109.9 సెం.మీ.: దాదాపు ఏడడుగులు. రాజవంశీకుల చిత్రాలకు వాడే కొలతలో, బ్యాంకరు భార్య.

16.53: మ్యూజియం చిట్టాలో చిత్రం సంఖ్య. 16 అంటే 1916. వెల వెయ్యి పౌండ్లు. ముప్పై ఏళ్లకు పైగా తన దగ్గరే ఉంచుకున్నాడు సార్జెంట్. అమ్మజూపుతూ రాసిన ఉత్తరంలో, తాను చేసినవాటిలో ఇదే మేలైనదేమో అన్నాడు. 1915 జులైలో గోట్రో పోయింది, బేరం మొదలైంది మరుసటి జనవరిలో. లండన్ టేట్‌లో ఇదే భంగిమలో అసంపూర్తి ప్రతి ఒకటుంది. అందులో కుడి పట్టీ గీయనే లేదు.