రేచీకటి మనిషి, నాలుగు పాదాలు

1907 ఏప్రిల్. రాజమహేంద్రవరం ఎండకు మాడిపోతోంది. ఊరంతా మాత్రం సభ దగ్గరే ఉంది. బెంగాల్ నుంచి వచ్చిన బిపిన్ చంద్రపాల్ ఇంగ్లీషులో ఉరుముతున్నారు. ఆ మాటలను తెలుగు చేసి జనానికి అందిస్తున్నారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. వయసు ముప్పై తొమ్మిది. చిన్ననాటి నుంచీ రేచీకటి. పొద్దు వాలాక ఆయనకు జనం మొహాలు కనిపించి ఉండవు. దగ్గులు, గుసగుసలు, చప్పట్లు, ఇవే సభ.

ఖండవల్లిలో పుట్టి, నరసాపురానికి చేరువలోని వీరవాసరంలో పెరిగిన పేదింటి పిల్లవాడు ఆయన. నరసాపురం బడిలోనూ చదువుకున్నారు. చూపు సరిగా ఆనకపోయినా నాటకాలు, నవలలు రాశారు. ఆయన ‘గయోపాఖ్యానం’ ఊరూరా ఆడింది. కుర్రతనంలో టంగుటూరి ప్రకాశం కూడా అందులో వేషం కట్టారు.

పాల్ గారి సభల్లో చిలకమర్తి వారు ఆశువుగా ఓ తేటగీతి పద్యం అందుకున్నారు. దేశం పాలిచ్చే ఆవు, మనవాళ్లు ఆకలికి అరిచే దూడలు, పిండుకుపోయేది దొరలు. గోదావరి జిల్లాల జనానికి దీన్ని విడమరిచి చెప్పాలా? తెల్లారి లేస్తే పెరట్లో జరిగేదే కదా! దూడను విడుస్తారు, అది కుడుస్తుంటే ఆవు చేపుతుంది, వెంటనే దూడను ఈడ్చి గుంజకు కట్టేస్తారు. ఆ దూడ అరుపు విననివాడు ఆ సభలో ఉండడు. పాల్ గారి ఉపన్యాసాల్లోని వాదమంతా నాలుగు పాదాల్లో ఇమిడిపోయింది. అచ్చుతో పనిలేకుండా నోటినుంచి నోటికి పాకింది.

సర్కారుకూ సెగ తగిలింది. వందేమాతరం అన్న విద్యార్థుల మీద కాలేజీ వేటు వేసింది. అలా వేటు పడినవాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు, చదువు పోగొట్టుకున్నారు.

ఆ పద్యం మనకు నోటికి వచ్చు. కానీ రెండేళ్లకు చిలకమర్తి వారు చేసిన పని గురించి ఎంతమందికి తెలుసు? 1909లో అదే ఊళ్లో, పంచములని ఊరవతల ఉంచిన వాళ్ల పిల్లల కోసం ఆయన బడి పెట్టారు. దానికి సంస్కర్త రామమోహనరాయల పేరు పెట్టారు. సంఘసంస్కరణకు వీరేశలింగం పంతులు గారు ముందే దున్నిన నేల అది, నిజమే. అయినా ఒక బ్రాహ్మణ కవి ఆ రోజుల్లో ఆ పిల్లలను పిలిచి అక్షరాలు దిద్దించడం పద్యం చెప్పినంత తేలిక కాదు. దొరలను నిలదీసిన వాళ్లు అప్పుడు చాలామందే ఉన్నారు. తన ఇంటివాళ్లు, తన వీధివాళ్లు కట్టేసిన దూడల అరుపు కూడా విన్నవాళ్లు తక్కువ. నా మటుకు నాకు ఆయన ఘనత అక్కడే ఉంది.

తర్వాత ఉన్న చూపూ పోయింది. రచన ఆగలేదు. ఆయన చెబుతుంటే పక్కవాళ్లు రాసేవారు. ‘స్వీయచరిత్రము’ కూడా అలా చెప్పి రాయించిందే. 1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ‘కళాప్రపూర్ణ’ బిరుదు ఇచ్చింది.